మేకుకు తగిలించని తాళంచెవి

ఆ ఇనుప కడ్డీ ఇప్పుడు మా ఇంట్లో అటక మీద ఉంది. పసుపు రంగు, మూరెడు పొడవు, ఒక చివర కొక్కెం. కారు స్టీరింగుకు అడ్డంగా తగిలించి తాళం వేస్తే ఇక స్టీరింగు తిరగదు. పారేద్దామని రెండుసార్లు కిందికి దించి, మళ్ళీ అక్కడే పెట్టాను. మా ఆయన దాని సంగతి ఎత్తడు. అది ఆయన మంచితనం. ఆయన చేసిన తప్పయితే నేను రోజూ ఎత్తేదాన్ని.

మేం ఉండేది సముద్రం నడుమ దీవిలో, రేవు పక్కన హాడోలో. నేను పుట్టిందీ ఇక్కడే. మా తాత శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో మూటలు మోశాడు. మా నాన్నా అదే రేవులో మోశాడు. నేను నాలుగక్షరాలు నేర్చుకుని, అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో ఒక ఆఫీసులో గుమాస్తానయ్యాను. రోజూ చాతం జెట్టీ దాకా వెళ్ళి అక్కడ బోటెక్కాలి. మా ఇంటి నుంచి వంతెన దాటి చాతం చేరడానికి నడిస్తే ఇరవై నిమిషాలు. పద్దెనిమిదేళ్ళు గొడుగు పట్టుకుని ఆ దారంతా నడిచాను, నాకేమీ కాలేదు.

అలాంటి దారికి కారెందుకు? వానలకి, అని అందరికీ చెప్పాను. మా దగ్గర ఏడాదిలో సగానికి పైగా వానే కాబట్టి ఎవరూ కాదనలేదు. అసలు సంగతి వేరు. కారన్నది మా ఇంటావంటా లేదు, నాకది కావాలనిపించింది. ఎర్ర రంగుది, ఎవరో వాడి అమ్మేసింది, కొన్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు చర్చికి కూడా అందులోనే వెళ్ళేదాన్ని. చర్చి మా ఇంటికి రెండు సందుల అవతల.

చాతం జెట్టీ దగ్గర కారు పెట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. అక్కడ రోడ్డుకు ఒక పక్క సముద్రం, ఇంకో పక్క పాత రంపపు మిల్లు గోడ. మధ్యలో అరచేతంత జాగా. బండ్లను దాటించే పెద్ద ఫెర్రీ కోసం లారీలు, జీపులు అక్కడే వరసగా నిలబడతాయి. ఆ ఇరుకులో ఎవరి కారు ఎవరికి అడ్డం కాదు? అందుకని అక్కడ ఎవరూ గేరు వెయ్యరు, హ్యాండ్ బ్రేకు వెయ్యరు. బండి న్యూట్రల్‌లో ఉంచి చక్రం కింద పడాక్ చెక్క ముక్క ఒకటి పెడతారు. మిల్లులో కోతకు పోగా మిగిలిన ఎర్రటి, బరువైన ముక్కలవి. అడ్డమైతే చెక్క తన్ని, నలుగురు కలిసి బండిని తోసి, మళ్ళీ చెక్క పెట్టేస్తారు. తాళంచెవులేమో బాబాయ్ టీకొట్లో గోడకు కొట్టిన మేకులకు వేలాడతాయి. ఏ మేకు ఎవరిదో రాసి ఉండదు. అందరికీ తెలుసు. నాది చివర నుంచి మూడోది, క్యాలెండరు పక్కన.

బాబాయ్ అంటే నా సొంత బాబాయ్ కాదు. రేవులో మా నాన్నతో కలిసి మూటకు చెరో పక్క పట్టిన మనిషి. మా తాతల ఊరి పక్క ఊరివాళ్ళు. నాన్న పోయాక, నా పెళ్ళిలో చర్చి గుమ్మం నుంచి నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది ఆయనే. రేవు పని మానేశాక జెట్టీ దగ్గర టీకొట్టు పెట్టాడు. ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టుకుని బల్లల మధ్య తిరిగేదీ ఆయనే. నన్ను చిన్నప్పటి నుంచీ ‘అమ్మలూ’ అనే పిలిచేవాడు. నలభై దాటిన దాన్ని నలుగురిలో అలా పిలుస్తుంటే ఒక్కోసారి చిరాకు పడేదాన్ని కూడా.

ఒక నెల రోజులు నా తాళంచెవి ఆ మేకుకు బుద్ధిగా వేలాడింది. తర్వాత మా మేనమామ ఇంట్లో పెళ్ళికి వైజాగ్ వెళ్ళాను.

అక్కడ పెళ్ళి కబుర్ల కంటే కారు దొంగల కబుర్లే ఎక్కువ విన్నాను. మా బావ కారు ఇంటి ముందు రోడ్డు మీద నుంచే పోయిందట. ఆ దెబ్బతో ఆయన ఆ విద్యలో పండితుడైపోయాడు. “తాళం ఎవరి చేతికీ ఇవ్వకే, సబ్బు మీద అచ్చు తీస్తారు” అన్నాడు. “వెలుగున్న చోట పెట్టు, సీటు మీద సంచి వదలకు, స్టీరింగుకు కడ్డీ వెయ్యి” అన్నాడు. మా జెట్టీ దగ్గర తాళాలు మేకులకు తగిలిస్తామని చెబితే పడీ పడీ నవ్వాడు.

“మీ దగ్గర దొంగలుండరా? ఓసి పిచ్చిదానా, ఆ దీవే దొంగల కోసం కట్టింది కదే!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒకప్పుడు తెల్లదొరలు ఖైదీలను తెచ్చి పడేసిన దీవే మాది, నిజమే. అయినా పుట్టిన చోటును అంత మాట అంటే రోషం రావాలి కదా. రాలేదు సరికదా, నేను కూడా కాస్త లోకం చూసిన మనిషినైనట్టు తల ఊపాను. ఆ సాయంత్రమే బావ నన్ను బజారుకు తీసుకెళ్ళి ఆ పసుపు కడ్డీ కొనిపెట్టాడు.

తిరిగొచ్చాక మొదటి రోజు చాతంలో కారు ఆపి కడ్డీ బిగిస్తుంటే బాబాయ్ కొట్లోంచి బయటికొచ్చాడు.

“ఏటమ్మలూ అది? గాడీకి సంకెళ్ళేసినావేటి?”

“దొంగల భయం బాబాయ్. వైజాగ్‌లో మా బావ కారు ఇంటి ముందు నుంచే ఎత్తుకుపోయారు.”

“వైజాగ్‌లో పోతాదమ్మా, అక్కడ రోడ్డుకి అంతు నేదు. ఇక్కడ దొంగోడు ఎక్కడికెల్తాడు? ఎల్లాలంటే ఫెర్రీకి నా కొట్టు ముందరే లైన్లో నిలబడాల. నిలబడ్డోడు చాయ్ తాగాల.”

పక్కనున్న లారీ డ్రైవర్లు గొల్లుమన్నారు. నాకు ఒళ్ళు మండింది.

“జాగ్రత్త పడితే తప్పేముంది బాబాయ్?”

“తప్పేటి నేదు. చాబీ అయినా మేకుకి తగిలించీ. ఎవులికైనా అడ్డమయితే తీసి పక్కకెడతాం.”

“వద్దులే, నా దగ్గరే ఉండనీ.”

ఆయన ఒక్క క్షణం నా వైపు చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి, చేతిలోని గాజు గ్లాసు తుడిచాడు. “సరేనమ్మా” అన్నాడు. అమ్మలూ అనలేదు. ఆ తేడా నాకు తెలిసింది. తెలిసి కూడా బోటు వైపు నడిచాను.

ఆ తర్వాత పదిహేను రోజుల పాటు జెట్టీలో నేనొక వేడుక. టికెట్ కౌంటర్లో కూర్చునే భయ్యా రోజూ “దీదీ, గాడీకి బెయిలు దొరికిందా?” అని అడిగేవాడు. నేను మూతి బిగించుకునేదాన్ని. నాదే తెలివి, వీళ్ళది అమాయకత్వం అనుకునేదాన్ని.

ఇంత తెలివిలో నేను చూసుకోనిది ఒకటే. కారు ఆపడం మాత్రం మా దీవి పద్ధతిలోనే ఆపేదాన్ని. కాస్త వంకరగా, కాస్త రోడ్డు మీదికి, ఎలాగైనా సరే. అడ్డమైతే ఎవరో ఒకరు తోస్తారులే అన్న ధీమా పుట్టుకతో వచ్చింది, అది పోలేదు. తాళం వేసేది మాత్రం వైజాగ్ పద్ధతిలో. అక్కడివాళ్ళు అంత గట్టిగా బిగిస్తారు కాబట్టే ఎవరికీ అడ్డం లేకుండా గీత చూసుకుని పెడతారు. నేను ఇక్కడి సుఖమూ వదల్లేదు, అక్కడి తాళమూ వదల్లేదు.

ఆ రోజు పొద్దుట్నుంచీ వాన. ఆలస్యమైంది. నేను చాతం చేరేసరికి బోటు కూత వేసేసింది. ఫెర్రీ దగ్గర బండ్లు దిగే ఏటవాలు ఉంటుంది కదా, సరిగ్గా దాని ఎదుట, ముందు భాగం రోడ్డు మీదికి పొడుచుకు వచ్చేలా కారు ఆపాను. గేరు వేశాను, హ్యాండ్ బ్రేకు లాగాను, కడ్డీ బిగించాను. బాబాయ్ కొట్లోంచి ఏదో కేకేశాడు. వానలో వినపడలేదు. వినపడనట్టు చెయ్యి ఊపి పరిగెత్తాను.

ఆఫీసులో ఆ రోజు పైనుంచి తనిఖీకి వచ్చారు. ఫోను చప్పుడు చెయ్యకుండా పెట్టి సంచిలో పడేశాను. మళ్ళీ దాన్ని తీసి చూడలేదు.

సాయంత్రం తిరుగు బోటులో కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. అవతలి ఒడ్డు దగ్గరవుతుంటే ఎర్ర కారు కనపడటం నాకు రోజూ ఒక చిన్న పండగ. ఆ రోజు కనపడలేదు. పొద్దున పెట్టిన చోట లారీ నిలబడి ఉంది. బాబాయ్ కొట్టుకు చెక్కలు వేసి ఉన్నాయి. చివరి బోటు వచ్చేదాకా మూయని కొట్టది.

కారు లేదు, కొట్టూ లేదు. ఆ రెండూ నా బుర్రలో ఒకదానికొకటి అతుక్కుపోయాయి. బావ సబ్బు అచ్చు కథ గుర్తొచ్చింది. కాళ్ళు నేలకు ఆనకముందే నోరు లేచింది.

“నా కారేది? ఎవరు తీశారు?”

కౌంటర్ భయ్యా బయటికొచ్చి “దీదీ, సునో తో సహీ...” అంటున్నాడు. విన్నానా? లేదు.

“ఏం వినాలి? నెల రోజులు నా తాళం ఆ ముసలాయన గోడకు వేలాడింది. అచ్చు తీసుకోవడానికి నెల చాలదా? ఇవాళ కారు మాయం, కొట్టు మాయం! ఊరికే అంటారా మెయిన్‌ల్యాండ్‌లో, ఇది దొంగల దీవి అని!”

బోటు దిగిన జనమంతా ఆగిపోయారు. ఆ జనంలో నాతో బళ్ళో చదివినవాళ్ళున్నారు. ముత్తాతలను సంకెళ్ళతో ఓడలో తీసుకొచ్చి పడేస్తే, ఇక్కడే కట్టెలు కొట్టి, పొలం చేసి, పిల్లల్ని పెంచిన ఇళ్ళవాళ్ళున్నారు.  అదే ఊపులో నేను జెట్టీ పక్కనున్న పోలీసు ఔట్‌పోస్టుకు నడిచాను.

అక్కడున్న ఆయన కాగితం తీస్తూ, “మేడమ్, గాడీ జాయేగీ కహాఁ?” అన్నాడు నెమ్మదిగా, బండి ఎక్కడికి పోతుంది అన్నట్టు. నేను రాయమన్నాను. ఎవరి మీదైనా అనుమానం ఉందా అని అడిగాడు. బాబాయ్ పేరు చెప్పాను. తండ్రి పేరు అడిగాడు. అదీ చెప్పాను. మా తాత ఓడ కథలు చెప్పినప్పుడల్లా వచ్చే పేరది, నాకు తెలియకపోవడమేం? చర్చి వెనక సందు, నీలం తలుపు ఇల్లు అని గుర్తులు కూడా చెప్పాను. కింద సంతకం పెట్టాను.

పోలీసాయన నా వెంట చూడటానికి వచ్చాడు. కౌంటర్ భయ్యా ముందు నడిచాడు. లారీ దాటి, మిల్లు గోడ మలుపు తిరగ్గానే కారు కనపడింది. నలభై అడుగులు ఉంటుందేమో. కడ్డీ నేను బిగించినట్టే ఉంది. అద్దాలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. నాలుగు చక్రాల కిందా నాలుగు పడాక్ ముక్కలు.

అప్పుడు చెప్పాడు భయ్యా. మధ్యాహ్నం ఫెర్రీలో అవతలి నుంచి ఆంబులెన్స్ వచ్చింది. లోపల పురిటి నొప్పులు పడుతున్న మనిషి. ఏటవాలు ఎక్కగానే ఒక పక్క లారీల వరస, ఇంకో పక్క నా కారు. మిగతా బండ్లను నిమిషంలో తోసేశారు. నాది అంగుళం కదల్లేదు. ఆంబులెన్స్ అరుస్తూనే ఉంది. నాకు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. చివరికి బాబాయ్ లుంగీ ఎగ్గట్టి బయటికొచ్చాడు. లారీవాళ్ళను, కళాసీలను, బోటు కోసం నిలబడ్డవాళ్ళను పోగుచేశాడు. ఒడ్డు మీద పడవను ఎత్తినట్టు, ఆయన “ఐలెస్సా” అంటుంటే ఇరవై మంది కారును నేల నుంచి లేపి మోసుకెళ్ళి గోడ పక్కన పెట్టారు. ఆంబులెన్స్ వెళ్ళింది. ఆసుపత్రి చేరాక బిడ్డ పుట్టింది, తల్లీ బిడ్డా బాగున్నారు.

“బాబాయ్ ఏడి?” అన్నాను.

“ఆస్పతాల్‌లో ఉన్నాడు దీదీ. గోడ దగ్గర నేల నీళ్ళ వైపు వాలుగా ఉంది కదా, పైగా వాన బురద. మీ గాడీ జారిపోతుందేమోనని, దించుతుంటేనే చక్రం కింద చెక్క పెట్టబోయాడు. చెయ్యి దాని కింద పడి నలిగింది. కుడి చేతి రెండు వేళ్ళు.”

నా కారు సముద్రంలోకి జారకుండా చూడబోయి. దొంగల నుంచి దాన్ని కాపాడుకోవడానికి నేనిన్ని తంటాలు పడ్డానే, ఆ సాయంత్రం దాకా దాన్ని నిజంగా కాపాడిన మనిషి ఆయనొక్కడే.

పోలీసాయన కాగితం చూపిస్తూ “తో, ఇస్‌కా క్యా కరేఁ?” అని అడిగాడు, మరి దీన్నేం చేద్దాం అని. అక్కడే, అప్పుడే, తప్పయిందని రాసిచ్చేస్తే పోయేది. రెండు వాక్యాల పని. కానీ చుట్టూ ఇందాకటి జనమే నిలబడి చూస్తున్నారు. వాళ్ళ ముందు ఒంగి ఆ రెండు వాక్యాలు రాయలేకపోయాను. రేపు వచ్చి రాస్తానని చెప్పి, కడ్డీ తీసి, కారెక్కి ఇంటికి పారిపోయాను. అరిచింది తెలియక అరిచాను అనుకుందాం. ఇది మాత్రం తెలిసే చేశాను.

ఇంటికెళ్ళి ఫోను తీస్తే బాబాయ్ పేరుతో పదకొండు ఫోన్లు ఉన్నాయి.

మర్నాడు జ్వరమని సెలవు పెట్టాను. ఆసుపత్రికి వెళ్ళలేదు. ఔట్‌పోస్టుకూ వెళ్ళలేదు. ఆ కాగితం వాళ్ళే పక్కన పడేస్తారులే అని దుప్పటి కప్పుకున్నాను. సంతకం పెట్టిన కాగితం దాని దారిన అది నడుస్తుందని ఆఫీసులో పనిచేసే నాకు తెలియదా?

మూడో రోజు పొద్దున జెట్టీకి వెళ్ళాను. ఔట్‌పోస్టు ముందు బల్ల మీద బాబాయ్ కూర్చుని ఉన్నాడు. చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. కుడి చేతికి మణికట్టు దాకా కట్టు. వాంగ్మూలం ఇవ్వడానికి పిలిపించారట. ముందున్న రోడ్డు మీద రోజూ ఆయన చేతి టీ తాగే మనుషులు ఆయన్ని చూసుకుంటూ పోతున్నారు.

నేను గబగబా లోపలికెళ్ళి, కారు దొరికిందనీ, నాకెవరి మీదా అనుమానం లేదనీ రాసిచ్చాను. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టుంది నాకే. బయటికొచ్చి ఆయన ముందు నిలబడ్డాను.

“బాబాయ్, తప్పయిపోయింది. నన్ను నాలుగు తిట్టు.”

ఆయన లేచాడు. ఎడమ చెయ్యి బల్ల మీద ఆనించి, మెల్లగా లేచి నిలబడ్డాడు. రేవులో పని చేసిన రోజుల్లో ఆఫీసర్లు వస్తే ఆయనా మా నాన్నా అలాగే లేచేవాళ్ళు.

“పర్వానేదండి మేడమ్. గాడీ దొరికింది గదా.”

ఆ మనిషి నన్ను ‘అండి’ అన్నాడు. మేడమ్ అన్నాడు. నాలుగు తగిలించి ఉంటే ఇంటికెళ్ళి అన్నం తినేదాన్ని. 

ఆదివారం చర్చిలో కానుకల సంచి ఎడమ చేత్తో పట్టుకుని వచ్చాడు. మా బల్ల దగ్గర ఆగాడు, అందరి దగ్గరా ఆగినట్టే. నేను తలెత్తాను. ఆయన సంచి వైపే చూస్తున్నాడు. వేళ్ళు మానాయి గానీ ఒకటి ముడుచుకోదు. ఇప్పుడు టీ కూడా ఎడమ చేత్తోనే తిరగబోస్తాడు. కొంత ఒలుకుతుంది.

ఆ వారమే కారు న్యూట్రల్‌లో పెట్టి, చక్రం కింద చెక్క పెట్టి, తాళంచెవి పట్టుకుని కొట్టుకు వెళ్ళాను. చివర నుంచి మూడో మేకు ఖాళీగా ఉంది. నేను చెయ్యి చాచేలోపే ఆయన అడ్డొచ్చాడు.

“ఇక్కడొద్దండి మేడమ్. చాబీ మీ దగ్గరే ఉంచుకోండి.”

“నా మేకే కదా బాబాయ్.”

“కాదననండి. రేపేదైనా అయితే మళ్ళీ నా పేరే రాయాల గదా మీరు.”

వెటకారంగా అనలేదు. కోపంగానూ అనలేదు. వాన వస్తుంది గొడుగు పట్టుకెళ్ళండి అన్నంత మామూలుగా అన్నాడు. నేను ఒక టీ అడిగి తాగాను. 

తర్వాత కూడా చాలాసార్లు అడిగాను. పండక్కి కొత్త చొక్కా పట్టుకెళ్ళి అడిగాను. మా ఆయన్ని పంపి అడిగించాను. చొక్కా తీసుకున్నాడు, దీవించాడు, తాళం మాత్రం తీసుకోలేదు. మిగతా మేకులన్నీ రోజూ నిండుతాయి. నాది ఖాళీ.

అందుకని ఇప్పుడు నా తాళంచెవి కారులోనే వదిలేస్తున్నాను. తలుపులు తీసే ఉంటాయి, అద్దాలు దించే ఉంటాయి, తాళం దాని చోట వేలాడుతూ ఉంటుంది. సాయంత్రం బోటులో కమ్మీ పట్టుకుని రోజూ చూస్తాను. ఒక్కోసారి ఎవరో నాలుగడుగులు ఇటో అటో తోసి, చక్రం కింద చెక్క పెట్టి ఉంటారు. ఎవరైనా ఎక్కి పట్టుకుపోవచ్చు. ఇంతవరకూ ఎవరూ పట్టుకుపోలేదు.